ఏ పసరు పోశారని అడిగేదెవరు?

టేకులపల్లి చుట్టూ ఉన్న గూడేల్లోనూ తండాల్లోనూ బిడ్డ పుట్టిన ఇంట సానరాయికి తీరిక ఉండదు. వసకొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, తల్లిపాలతో అరగదీసి నాలుకకు రాస్తారు. కడుపుబ్బితే ఇంగువ, జలుబు చేస్తే తులసి రసంలో తేనె, నులిపురుగులకు గాడిదగడపాకు పసరు. బాలింతకు కాయం ముద్ద సరేసరి. ఇదంతా అడవి అంచున బతికేవాళ్ల వ్యవహారమని ఖమ్మంలోనో హైదరాబాదులోనో కూర్చుని అనుకుంటే పొరపాటు. అక్కడ అదే పని సీసాల్లో, డబ్బాల్లో జరుగుతోంది. అరవిందాసవం, దశమూలారిష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే గర్భరక్షక మాత్రలు. అడవి మందయినా అంగడి మందయినా కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు, పసితనంలో వాడితే వచ్చే చిక్కు ఒక్కటే. ఏం తాగిందో తల్లి డాక్టరుకు చెప్పదు, డాక్టరూ అడగడు. ఈ మౌనం వల్ల మంచి మందు మంచిదనీ తేలడం లేదు, చెడ్డది చెడ్డదనీ తేలడం లేదు. నాటు మందులను నిషేధించాలన్నది నా వాదన కాదు. అడగకుండా, రాసుకోకుండా, పరీక్షించకుండా వాటిని పొగడటమూ తిట్టడమూ రెండూ దండగేనన్నది నా వాదన.

ముందు ఒక అపోహ తీరాలి. 'చెట్టు మందే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అనే మాట మన పెద్దలది కాదు, దుకాణాలది. చరక సంహిత శారీరస్థానం గర్భిణికి తీక్ష్ణమైన మందులు వద్దంటుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప వమన, విరేచనాలు చేయించకూడదంటుంది. పిల్లల వైద్యానికి మూలగ్రంథంగా చెప్పుకునే కాశ్యప సంహిత అప్పుడే పుట్టిన బిడ్డకు మందు మోతాదు వాయువిడంగం గింజంత అని కొలత పెట్టింది. నెలనెలా పెంచుతూ పోయినా ఉసిరికాయంత దాటకూడదని గీత కూడా గీసింది. పాలు తప్ప మరేమీ తాగని బిడ్డకు జబ్బు చేస్తే పాలిచ్చే తల్లికి కూడా మందు ఇవ్వాలన్నది ఆయుర్వేదంలో పాత పద్ధతే. నాభి, ముష్టి గింజలు, నల్లజీడి వంటి వాటిని శుద్ధి చేయకుండా ముట్టకూడదని చెప్పింది కూడా ఆ వైద్యులే. అంటే మూలికలో విషం ఉంటుందని, మనిషిని బట్టి మోతాదు మారుతుందని వాళ్లకు బాగా తెలుసు. ఆ క్రమశిక్షణను వదిలేసి పేరు మాత్రం వాడుకుంటున్న మనమే పరంపరకు వారసులమని చెప్పుకుంటున్నాం.

మూడు కిలోల బిడ్డకు చెంచాడు పసరు పోస్తే అరవై కిలోల మనిషి ఇరవై చెంచాలు తాగినట్టు. లెక్క అక్కడితో ఆగదు. విషాన్ని విరిచే కాలేయం, వడగట్టి బయటికి పంపే మూత్రపిండాలు నెలల బిడ్డలో ఇంకా పూర్తిగా పనిలోకి దిగి ఉండవు. వేపనూనె సంగతి చూడండి. ఒంటికి రాస్తే పెద్దగా భయపడాల్సింది లేదు. కానీ దగ్గుకో జలుబుకో దాన్ని పసిపిల్లలకు తాగించినప్పుడు ఏమైందో 1981లో మలేసియా వైద్యులు లాన్సెట్ పత్రికలో రాశారు. గంటల్లోనే వాంతులు, మగత, మూర్ఛలు, కాలేయం దెబ్బతినడం. ఇంగువ కథ ఇంకా విచిత్రం. అమెరికాలో ఐదు వారాల బిడ్డకు కడుపునొప్పికి ఇంగువ మందు పట్టిస్తే రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చిందని 1984లో పిల్లల వైద్య పత్రికలో నమోదైంది. అదే ఇంగువ మన పప్పుచారులో రోజూ పడుతుంది, పెద్దవాళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పుట్టిన కొత్తలో రక్తంలోని హిమోగ్లోబిన్ తీరు వేరు, దాన్ని బాగుచేసే ఎంజైములు తక్కువ. తేడా అక్కడుంది. తేనె కూడా అంతే. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో తేనెలోని బొటులిజం బీజాలు మొలకెత్తి నరాలను చచ్చుబరుస్తాయి. మన ఇళ్లలో ఏ చూర్ణమైనా తేనెలో రంగరించే నాకిస్తారు కాబట్టి మందు మంచిదే అయినా అనుపానం ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. ముక్కులో, గొంతులో ఆముదం చుక్కలు వేస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా వస్తుంది. దక్షిణాది పిల్లల వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్న జబ్బే ఇది. ఇక వస. మన దేశపు వస నూనెలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఎక్కువ. ఎలుకల్లో అది క్యాన్సర్ తెచ్చిందని తేలాక 1968లోనే అమెరికా ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. నాలుకకు అంటించిన ఆ కాస్తతో కొంప మునుగుతుందని చెప్పడం అతిశయోక్తే. బిడ్డకు దాని వల్ల ఒరిగేదేమిటో మాత్రం ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

కామెర్ల దగ్గర మాత్రం మెతక మాట పనికిరాదు. పుట్టిన బిడ్డల్లో చాలామందికి మొదటి వారంలో ఒళ్లు పచ్చబడి దానంతటదే తగ్గిపోతుంది. చెట్ల మందుకు అంత పేరు రావడానికి ఇదొక కారణం. తగ్గేది ఎటూ తగ్గుతుంది, ఖ్యాతి మందుకు దక్కుతుంది. తగ్గని కొద్దిమందిలో పచ్చదనం మెదడుకెక్కితే చెవుడు, అవయవాల వంకర జీవితాంతం మిగులుతాయి. నీలి కాంతి కింద రెండు మూడు రోజులు ఉంచితే తప్పిపోయే ప్రమాదం, పసరు పోసి ఎదురుచూసే ఆ రెండు మూడు రోజుల్లోనే ముంచుకొస్తుంది. ఏజెన్సీలో దీనికి మరో కోణం ఉంది. మలేరియా తరతరాలుగా తిష్ఠవేసిన ప్రాంతాల జనంలో సికిల్ సెల్‌తో పాటు జీ6పీడీ అనే ఎంజైము లోపం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ లోపం ఉన్న బిడ్డకు ఒంటికి గోరింటాకు పట్టించినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ఒక్కసారిగా ముదరవచ్చు. సింగపూర్‌లో ఇలాంటి భయంతోనే 1978లో బెర్బెరిన్ ఉన్న ఒక చైనా మూలికను నిషేధించారు. దశాబ్దాల తర్వాత, కొత్త ఆధారాలు వచ్చాక, 2013 నుంచి ఆ నిషేధాన్ని సడలించారు. మూలిక మీద పగా లేదు, ప్రేమా లేదు. ఆధారం ఎటు చూపితే అటు నడిచారు. మనకు నిషేధించే ధైర్యమూ లేదు, సడలించే ఆధారమూ లేదు.

గర్భిణుల విషయంలో మౌనం మరింత ప్రాణాంతకం, ఎందుకంటే అక్కడ రహస్యం కూడా తోడవుతుంది. అడవి నాభి దుంపలో కాల్చిసిన్ ఉంటుంది. చిత్రమూలం వేరులో ప్లంబాజిన్ ఉంటుంది. పచ్చి బొప్పాయి పాలు, ఆముదం గర్భసంచిని కదిలిస్తాయి. వీటిలో కొన్నింటిని నొప్పులు త్వరగా రావడానికి, కొన్నింటిని కడుపు పోగొట్టుకోవడానికి వాడటం అడవి ప్రాంతాల్లో కొత్త కాదు. రక్తస్రావంతో ఇల్లందుకో కొత్తగూడేనికో తీసుకొచ్చిన మనిషి 'ఏమీ తాగలేదు' అంటుంది. కాల్చిసిన్ విషం మొదటి రోజు వాంతులు విరేచనాలుగా మొదలై తర్వాత ఒక్కో అవయవాన్నీ పట్టుకుంటుంది. డాక్టరు దాన్ని కలరానో, తిండి పడకపోవడమో అనుకుంటాడు. 1971 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకునే వీలుందని, 2021 సవరణతో కొన్ని సందర్భాల్లో గడువు 24 వారాలకు పెరిగిందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. చెట్టు వేరును ఆశ్రయించింది మూఢత్వంతో అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది. చాలాసార్లు అది దారి లేక, పరువు కోసం చేసిన పని.

పట్నం గర్భిణి దగ్గర రహస్యం మరో రూపంలో ఉంటుంది. న్యూయార్క్ నగరంలో 2011, 2012లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో బయటపడింది. వాళ్లలో ఎక్కువమంది భారతదేశంలో పుట్టినవాళ్లు, అందరూ భారతదేశంలో తయారైన ఆయుర్వేద మందులు వాడినవాళ్లు. గర్భం నిలవడానికని, బిడ్డ ఆరోగ్యానికని తీసుకున్న మాత్రలే బిడ్డకు సీసాన్ని చేరవేశాయి. సీసం మాయను దాటుతుంది, ఎముకల్లో దాక్కుంటుంది, పాలిచ్చే కాలంలో మళ్లీ రక్తంలోకి వస్తుంది. అంతకు ముందు 2003లో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 దక్షిణాసియా మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. అమెరికా వాళ్ల కుట్ర అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. మరి హర్యానాలో మన పరిశోధకులే 'మగబిడ్డ మందు' తిన్న తల్లుల వివరాలు తీసి, ఆ మందుకూ పిల్లల పుట్టులోపాలకూ సంబంధం ఉందని చూపించారు కదా! ఆ మందుల్లో సాధారణంగా వాడే శివలింగి గింజలు మన కంచెల మీద పాకే లింగదొండవే. ఆడపిల్ల వద్దనుకునే జబ్బుకు మూలికను సాధనం చేసుకున్న ఘనత మనది.

బాలింత సంగతికి వస్తే నాకు అంత కోపం లేదు. సొంఠి, పిప్పళ్లు, వాము, వెల్లుల్లి, మెంతులు వంటకంలో పడే మోతాదులో తింటే తల్లికీ బిడ్డకూ నష్టం లేదు. నిజానికి బాలింతకు ఎక్కువ కీడు చేసేది పెట్టే మందు కాదు, పెట్టనివ్వని తిండి. నీళ్లు తక్కువ తాగమనే, కూరలు ఆపించే పథ్యం వల్ల మలబద్ధకం, నీరసం, రక్తహీనత వస్తాయి. సీసా మందుతో మాత్రం జాగ్రత్త అవసరం. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. వాటిలో దానంతటదే పుట్టే ఆల్కహాలు ఐదు నుంచి పది శాతం దాకా ఉండవచ్చు. బాలింతకు తాగించే దశమూలారిష్టమూ అంతే, పిల్లల టానిక్కని అమ్మే అరవిందాసవమూ అంతే. బీరు సీసాను బిడ్డ నోటికి అందించే తల్లి ఎక్కడా ఉండదు. అదే శాతం మరో పేరుతో వస్తే చెంచాతో కొలిచి మరీ పోస్తాం.

'మా అమ్మమ్మ, ఆమె అమ్మమ్మ ఇవే వాడారు, అందరం బతికే ఉన్నాం కదా' అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. బలం ఎందుకంటే అది అబద్ధం కాదు. కాకపోతే ఆ సాక్ష్యం బతికినవాళ్లది మాత్రమే. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండా పోయేవాళ్లు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. అప్పట్లో పోయిన పిల్లలు దేనివల్ల పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. గాలి సోకిందని, దిష్టి తగిలిందని, ఆయువు అంతేనని అనుకున్నారు. అందులో పసరు వాటా ఎంతో ఏ అమ్మమ్మా చెప్పలేదు. పైగా అనుభవానికి ఒక పరిమితి ఉంది. తాగిన వెంటనే వాంతయితే ఆ ఆకు మంచిది కాదని ఊరు నేర్చుకుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే నష్టాన్ని ఏ ఊరూ ఆ ఆకుతో ముడిపెట్టుకోలేదు. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు రెండూ అరిస్టలోకియా జాతివి. వీటిలో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను నెమ్మదిగా ఎండగొడుతుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. ఇది ఎలా బయటపడింది? 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికని ఒకే క్లినిక్కుకు వెళ్లిన ఆడవాళ్లకు వరుసగా కిడ్నీలు పోయాయి. ఆ క్లినిక్కులో ఎవరికి ఏ మూలిక ఇచ్చారో చీటీలుండబట్టి కారణం దొరికింది. వందల ఏళ్లుగా ఆ జాతి మొక్కను మందుగా వాడిన చైనాకూ మనకూ దొరకనిది బెల్జియంలో కొన్నేళ్లలో దొరకడానికి కారణం వాళ్ల తెలివి కాదు, ఆ చీటీలు.

రెండో అభ్యంతరం ఇంగ్లీషు మందుల మీద. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోలేదా? చనిపోయారు, ఇరవై మందికి పైగా. అంతకు ముందు, 1957 నుంచి 1961 వరకు గర్భిణులకు వికారం తగ్గడానికిచ్చిన థాలిడోమైడ్ వల్ల ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా లేకుండా పుట్టారు. ఆధునిక వైద్యం పునీతమైందని ఎవరూ వాదించనక్కర్లేదు. గర్భిణుల మీద పరీక్షించకుండానే గర్భిణులకు రాస్తున్న మందులు ఇవాళ్టికీ అందులో ఎన్నో ఉన్నాయి. అయితే ఛింద్వాడా మందుకు ఒక పేరుంది, కోల్డ్‌రిఫ్. బ్యాచ్ నంబరుంది, ఎస్ఆర్ 13. దాన్ని పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ బయటపడింది, రాష్ట్రాలు అమ్మకం ఆపాయి, కేసులు నడిచాయి. అప్పటికే పిల్లలు పోయారు, అది ఘోరం. ఇదే ఘోరం అంగట్లో కొన్న పొట్లం వల్ల జరిగితే ఏ పొట్లమో, ఏ చెట్టుదో, ఎవరమ్మారో పట్టుకునే కొస ఒక్కటైనా ఉందా? ఆ పిల్లలు లెక్కలోకి కూడా రారు.

ఆదివాసుల జ్ఞానాన్ని చిన్నచూపు చూస్తున్నారనే మూడో మాటను నేను మిగతా రెండింటికంటే ఎక్కువ పట్టించుకుంటాను. శతాబ్దాల పాటు ఆ చిన్నచూపు నిజంగానే సాగింది. కానీ గౌరవమంటే ఏమిటి? భద్రాచలం ఏజెన్సీకి బాగా తెలిసిన మలేరియాతోనే చెప్పవచ్చు. చైనాలో జ్వరాలకు వాడే ఒక మాచిపత్రి జాతి మొక్కను శాస్త్రవేత్త తు యుయు బృందం పాత వైద్యగ్రంథం ఆధారంగా పరీక్షించి, 1972లో ఆర్టెమిసినిన్‌ను వేరుచేసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. ఇవాళ మన పీహెచ్‌సీల్లో ప్రాణాలు నిలబెడుతున్న మలేరియా మాత్రల మూలం ఆ మొక్కే. అంత గొప్ప మందును కూడా గర్భం దాల్చిన మొదటి మూడు నెలల్లో మామూలు మలేరియాకు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో గానీ సిఫారసు చేయలేదు. జంతువుల్లో పిండానికి హాని కనిపించినందుకు, వేలమంది గర్భిణుల వివరాలు పోగుపడేదాకా ఆగింది. మూలికను గౌరవించడమంటే అది. మన కొండల మీది నేలవేముకు, తిప్పతీగకు ఆ గౌరవం దక్కలేదు. ముంబైలో 2020 చివర్లో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని డాక్టర్లు రాస్తే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్లు తాగింది అదే జాతిలోని వేరే తీగేమో తేల్చుకోలేదు కదా అంది. ఆ మాటలో పస ఉంది. ఏ తీగో శాస్త్రవేత్తలకే తేలని చోట, సంతలో ఎండు ముక్కలు కొన్న గర్భిణికి ఎలా తెలుస్తుంది?

ఆసుపత్రి దూరం, వానకాలంలో వాగు పొంగితే 108 రాదు, అప్పుడు పసరు కాక ఇంకేం పోస్తారు అనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, వాళ్లు చెప్పేది నిజం. అందుకే నిషేధం వద్దంటున్నాను. పని మొదలవ్వాల్సింది ఆశ కార్యకర్త ఇంటికొచ్చే ఘడియలో. ఆమె అదే ఊరి మనిషి, కోయలోనో లంబాడీలోనో మాట్లాడగలదు. 'నాటు మందు తాగించావా, బుద్ధి లేదా' అని ఒక్కసారి కసిరితే ఆ తల్లి ఇంకెప్పుడూ నిజం చెప్పదు, పక్కింటామెనూ చెప్పనివ్వదు. 'ఏం పట్టించారమ్మా, ఎంత పట్టించారు, ఆ ఆకు ఒకటి చూపిస్తావా' అని అడిగితే చెబుతుంది. విన్నది తల్లీబిడ్డల కార్డులో ఒక మూల రాస్తే చాలు, డాక్టరు చదువుతాడు. బిడ్డ పాలు తాగడం మానేసినా, పక్కలు ఎగరేస్తున్నా, పచ్చదనం అరచేతులకు, అరికాళ్లకు దిగినా మందు ఏదైనా సరే ఆపి బయల్దేరాలన్న మాట మంత్రసానికీ నాటు వైద్యుడికీ చెప్పాలి. వాళ్లను శత్రువులను చేసుకుంటే ఆ మాట వినేవాళ్లుండరు. మందు వల్ల హాని జరిగిందన్న అనుమానాన్ని నమోదు చేయడానికి 2010 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆయుష్ మందులకు విడిగా కూడా అలాంటి వ్యవస్థ ఉంది. అడవి అంచున ఆ నంబరు తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక చట్టం చూద్దాం. ఆయుర్వేద మందుల్లో వాడే విష పదార్థాలకు ఔషధ నిబంధనల్లో ఈ(1) అనే షెడ్యూల్ ఉంది. నాభి, ముష్టి, గురివింద, నల్లజీడి, నేపాళం అందులో ఉన్నాయి. 2010లో వచ్చిన 158బి నిబంధన ప్రకారం పాత గ్రంథాల్లో ఉన్న యోగాన్ని ఉన్నదున్నట్టు తయారుచేస్తే కొత్తగా భద్రతా పరీక్షలు చేయనక్కర్లేదు. గ్రంథంలోని మోతాదు, శుద్ధి, గర్భిణికి వద్దన్న హెచ్చరిక మాత్రం సీసా దాకా రావాలన్న పట్టింపు లేదు. గ్రంథం పేరు లైసెన్సుకు పనికొచ్చినప్పుడు గ్రంథంలోని జాగ్రత్త లేబులు మీదికి ఎందుకు రాకూడదు? గర్భిణులు, బాలింతలు, ఏడాదిలోపు పిల్లలు వాడవచ్చా లేదా, తెలియకపోతే తెలియదని, ఆల్కహాలు ఎంత శాతమో పెద్ద అక్షరాల్లో రాయించడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వులో భాష సంగతి కూడా తేల్చాలి. ఈ(1) జాబితాలోని పదార్థం ఉన్న మందు మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి అని లేబులు నిబంధన ఇప్పటికే చెబుతోంది. ఆ హెచ్చరికను ఇంగ్లీషులో, హిందీలో రాస్తే సరిపోతుందనీ అదే నిబంధన చెబుతోంది.